నా మెడలోని ఐడీ కార్డు గారికి

నల్లగొండ

మెడలో వేలాడే ఐడీ కార్డు గారికి,

నమస్కారం.

మీకు ‘గారు’ తగిలించాలా వద్దా అని క్లాక్ టవర్ దగ్గర ఆటో ఎక్కినప్పటి నుంచి బడి గేటు దాకా ఆలోచించాను. తగిలించడమే క్షేమం అనిపించింది. మీ మీద అచ్చయిన హోదా నాకు దక్కుతున్న మర్యాదకన్నా పెద్దది మరి. ‘ఫెసిలిటేటర్ కమ్ యాక్టివిటీ కోఆర్డినేటర్’. చోటు చాలక ‘కోఆర్డి’ దగ్గర విరిగి, మిగిలిన ‘నేటర్’ కింది వరుసలో దిక్కులేనిదానిలా నిలబడింది. రాత్రి మా అత్తమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మిమ్మల్ని రెండుసార్లు చదివి, "అయితే ఇకనుంచి పిల్లలకు చదువు చెప్పవా?" అని దిగులుగా అడిగింది. అది కూడా చెబుతానత్తమ్మా, తీరిక దొరికితే, అన్నాను.

మీ వంశమంతా నాకు గుర్తుంది. 2013లో నేను చేరినప్పుడు మీ ముత్తాత లామినేషన్ చేసిన కాగితం ముక్క. మీద ‘టీచర్’ అని ఒకే ఒక్క మాట. మూడేళ్ళ తర్వాత జీతం పెంచమని అడిగాను. పెంచలేదు, ‘క్లాస్ ఇన్‌ఛార్జి’ అన్న మీ తాత పుట్టాడు. మరోసారి అడిగితే ‘కోఆర్డినేటర్’ పుట్టాడు. కరోనా తర్వాత మళ్ళీ నోరు తెరిచాను, ‘ఫెసిలిటేటర్’ వచ్చాడు. జీతం పెంచితే నెలనెలా ఇవ్వాలి. హోదా పెంచితే ఒకసారి ప్రింటు కొట్టిస్తే చాలు, అదీ నా ఖర్చుతోనే. ఈ లెక్క కనిపెట్టిన కరస్పాండెంట్ సారు లెక్కల మాస్టారు కాకపోవడం పిల్లల దురదృష్టం. మీరు మాత్రం ఈ నెలలో నేను ఏమీ అడగకుండానే వచ్చారు. ఎందుకు వచ్చారో తర్వాత చెబుతాను.

అన్ని తరాల్లోనూ మారనిది ఫోటో ఒక్కటే. ప్రకాశం బజారులో తీయించిన ఆ ఫోటోలో నాకు నిండుగా జుట్టుంది, చెంపల్లో నెత్తురుంది. మొన్న ఒక తల్లి మిమ్మల్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "మీ చెల్లెలా మేడం?" అని అడిగింది. అవునన్నాను.

మీ అన్నదమ్ములందరినీ ఒకేచోట చూడాలంటే రిసెప్షన్ గోడ మీది ఫ్లెక్సీ దగ్గరికి వెళ్ళాలి. పక్క భవనంలో ఐదో తరగతి దాకా పెద్ద బడి ఉంది, దాని సంగతి వేరు. ఇది మా పసిపిల్లల విభాగం ఫ్లెక్సీ: డేకేర్, నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ. పైన ‘మా బృందం’ అని బంగారు రంగు అక్షరాలు. కింద పదకొండు గుండ్రాలు, గుండ్రానికో ఫోటో, ఫోటోకో హోదా. అందులో మనుషులు ఆరుగురే. అకడమిక్ డైరెక్టర్ మేడం సారుగారి భార్య. చైల్డ్ కౌన్సెలర్ కూడా ఆమే. ఫీజు బాకీ పడ్డ తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడడాన్ని మా దగ్గర కౌన్సెలింగ్ అనే అంటారు కాబట్టి అందులో అబద్ధం లేదు. ట్రాన్స్‌పోర్ట్ మేనేజరూ సెక్యూరిటీ ఆఫీసరూ డ్రైవరన్నే. తొమ్మిదిన్నరకు బస్సు ఆపి, ఖాకీ చొక్కా విప్పి, నీలం చొక్కా తొడుక్కుని గేటు దగ్గర కుర్చీ వేసుకుంటాడు. నేను రెండు గుండ్రాల్లో ఉన్నాను, ఒకదాంట్లో కళ్ళద్దాలతో, ఇంకోదాంట్లో కళ్ళద్దాలు లేకుండా. న్యూట్రిషన్ ఇన్‌ఛార్జి గుండ్రంలో మనిషి ఫోటో లేదు, ఆపిల్ పండు బొమ్మ ఉంది. ఆ ఆపిల్ పండు కూడా నేనేనని నిరుడు తెలిసింది, ఒక తండ్రి ఫోన్ చేసి మా బాబు గుడ్డు ఎందుకు తినలేదని నన్ను నిలదీసినప్పుడు.

జూన్‌లో బడులు తెరిచిన వారంలో మేడం ఒక దంపతులకు ఈ ఫ్లెక్సీ చూపిస్తున్నారు. "పసిపిల్లలకే ఇంతమంది స్టాఫా!" అని ఆయన ముచ్చటపడ్డారు. అక్కడే ఆడుకుంటున్న నర్సరీ పాప ఒకతి వచ్చి, వేలు పెట్టి, "ఇది మిస్. ఇదీ మిస్. ఇది బస్ తాత. ఇదీ బస్ తాతే" అని వరసగా హాజరు తీసింది. నేను ఊపిరి బిగబట్టాను. మేడం నవ్వి, "చూశారా, మా పిల్లలకు పరిశీలన ఎంత బాగా నేర్పిస్తామో" అన్నారు. అడ్మిషన్ అయిపోయింది.

మా ఊరి పక్కనే పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. బయట స్తంభాలు చాలా ఉన్నాయి, నీడ మాత్రం ఒక్కటే, అది ఫలానా స్తంభానిదని వేలు పెట్టి చూపించలేరు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళిన ప్రతిసారీ (ఆ రోజు నేను టూర్ ఇన్‌ఛార్జిని) నేను ఆ గోడ ముందు కాస్త ఎక్కువసేపు నిలబడతాను. మా బడిలోనూ అంతే. హోదాలు వరసగా నిలబడి ఉంటాయి, నీడ ఒక్కటే పడుతుంది. కాకపోతే మా నీడకు డైపర్లు మార్చడం కూడా వచ్చు.

బతుకమ్మ ముందురోజు నేను కల్చరల్ ఇన్‌ఛార్జిని. తంగేడు, గునుగు తెప్పించడం, పేర్చడం, పిల్లలకు పట్టు లంగాలు జారిపోకుండా పిన్నీసులు పెట్టడం అంతా కష్టమేమీ కాదు. కష్టమంతా ఫోటో. ముప్పైనాలుగు మంది తల్లులకు తమ బిడ్డ ముందు వరుసలో ఉన్న ఫోటో కావాలి. గుండ్రంగా తిరిగే ఆటలో ముందు వరుస ఎక్కడుంటుందో నాకు ఈనాటికీ తెలియదు. అయినా ముప్పైనాలుగు ఫోటోలు సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో పడతాయి.

ఇప్పుడు మీరు చూడడానికి వీల్లేని సంగతి ఒకటి చెబుతాను. పొద్దున డేకేర్ గది తలుపు తీయగానే నేను మొదట చేసే పని మిమ్మల్ని వీపు మీదికి తిప్పుకోవడం. పసివాళ్ళ గదిలో మెడ నుంచి ఏదీ వేలాడకూడదు. వంగి ఎత్తుకుంటే మీ అంచు వాళ్ళ కంటికి తగులుతుంది. తాడు గుప్పిట పట్టి లాగుతారు. మీ నీలం తాడు నా పుస్తెలతాడుతో పెనవేసుకుని ఒకసారి నాకు ఊపిరాడలేదు. అందుకని డైపర్ మార్చేటప్పుడు, నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసేటప్పుడు, పప్పన్నం మెత్తగా మెదిపి పెట్టేటప్పుడు, ఒకడు ఇంకొకణ్ణి కొరికితే కొరికినవాణ్ణీ కొరికించుకున్నవాణ్ణీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకుని ఊరుకోబెట్టేటప్పుడు, మీరు నా వెనక గోడ చూస్తూ ఉంటారు. మేడం చెప్పుల చప్పుడు వినగానే ముందుకు వస్తారు. పదేళ్ళకు పైగా మీ వంశంతో నాకున్న ఒప్పందం ఇది.

మీ వంశాన్ని మనస్ఫూర్తిగా ఆదరించినవాడు ఒక్కడే, పళ్ళు వస్తున్న పది నెలల బాబు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, తిప్పుకోవడం మరిచిపోయి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే, మీ అన్నను నోట్లో పెట్టుకుని ఓపికగా చప్పరించాడు. నేను చూసేసరికి ‘ఫెసిలి’ దాకా అచ్చు చెరిగిపోయింది. వారం రోజులు నేను ‘టేటర్’గా పనిచేశాను. పనిలో ఏ తేడా రాలేదు. కొత్త కార్డు కోసం ఆఫీసుకు వెళితే, ఎలాగూ ప్రింటు కొట్టిస్తున్నాం కదా అని ఇంకో హోదా కలిపి మిమ్మల్ని పుట్టించారు.

లెక్కలు కూడా చూద్దాం. ప్రైవేటు ప్లే స్కూళ్ళ కోసం జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ తయారుచేసిన మార్గదర్శకాల్లో 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక సంరక్షకురాలు ఉండాలని ఉంది. మా గదిలో 34 మందికి నేనూ ఆయమ్మా. కానీ ఫ్లెక్సీ లెక్క వేరు. 34 మందిని పదకొండు గుండ్రాలతో భాగించండి, హోదాకు ముగ్గురు పిల్లలే వస్తారు. అలాగే 1994 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో నంబరు 1, వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకే పోవాలంటుంది. ‘సగం’ అన్న మాటను మా బడిలో అక్షరాలా పాటిస్తారు. సగం నెల గడిచాకే జీతం వస్తుంది.

2009 విద్యాహక్కు చట్టంలో 27వ సెక్షన్ ఉంది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పని తప్ప చదువుకు సంబంధం లేని మరే పనికీ టీచర్లను పంపకూడదని అందులో రాశారు. మరి మే నెల ఎండలో కరపత్రాలు పట్టుకుని కనగల్, తిప్పర్తి వైపు బత్తాయి తోటల దాకా తిరిగే అడ్మిషన్ల ప్రచారం వీటిలో దేని కిందికి వస్తుందని సారును అడిగాను. ఆయన తడుముకోకుండా "విపత్తు సహాయం" అన్నారు. అడ్మిషన్లు రాకపోతే విపత్తే కదా. మే నెలకు జీతం ఉండదు, సెలవులు కాబట్టి. ఒక ఊళ్ళో గడప ముందు నిలబడి మిమ్మల్ని, అంటే అప్పటి మీ అన్నను, ముందుకు లాగి చూపించాను. లోపలి నుంచి ముసలమ్మ తొంగిచూసి, "మొన్ననే కదా బిడ్డా సర్వే రాసుకుని పోయారు, మళ్ళీ వచ్చావా?" అంది. తర్వాత చల్లటి మజ్జిగ ఇచ్చింది. ఆ ఊరి నుంచి అడ్మిషన్ రాలేదు గానీ మజ్జిగ మాత్రం ఇంకా గుర్తుంది.

మీరు అక్కరకు రావలసిన రోజు ఒకటి వచ్చింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి, జీతాలూ మూతపడ్డాయి. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకూ సిబ్బందికీ నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. గుర్తింపు పొందిన బడుల్లో పనిచేస్తున్నవారికే. మీ నాన్నను, ఆ ‘కోఆర్డినేటర్’ను, చీర కొంగుతో తుడిచి మెడలో వేసుకుని వెళ్ళాను. కార్డు అక్కర్లేదు, బడి పంపిన జాబితాలో పేరుందా అని అడిగారు. నా పేరు పెద్ద బడి జాబితాలో ఉంది, హోదా ‘టీచర్’ అని. ఆయమ్మ పేరు లేదు. ఫ్లెక్సీలో గుండ్రం ఉంది, ‘చైల్డ్ కేర్ అటెండెంట్’ అని కూడా ఉంది, జాబితాలో లేదు. ఆ నెల మా ఇంటికి వచ్చిన బియ్యంలో పది కిలోలు ఆటోలో వాళ్ళింటికి వెళ్ళాయి. అది మీ మీద అచ్చువేసే సంగతి కాదు, వదిలేద్దాం.

ఆయమ్మకు మీలాంటివారు ఎవరూ లేరు. ఒకసారి నేనే కల్పించుకుని ఆమెకూ కార్డు ఇవ్వమన్నాను. "ఆమెకు ఎందుకమ్మా, ఆమె అందరికీ తెలుసు కదా" అన్నారు మేడం. అది నిజమే. ఏ పిల్లవాడు ఎడమ భుజం మీద వేసుకుంటేనే నిద్రపోతాడో, ఎవరికి గుడ్డు పడదో, ఏ తల్లి ఆరున్నరకు గానీ రాదో, ఏ తండ్రి వస్తే తల్లికి ఫోన్ చేయకుండా బిడ్డను పంపకూడదో ఆమెకు తెలుసు. గేటు దగ్గర కొత్త ముఖం కనిపిస్తే సెక్యూరిటీ ఆఫీసరు కూడా లోపలికి తిరిగి, "ఆయమ్మా, ఈయన ఎవరో చూడు" అని కేకేస్తాడు.

ఆమె మనవరాలు మా వీధి చివరి అంగన్‌వాడీకి వెళ్తుంది. మా డేకేర్ నెల ఫీజు ఆమె జీతంలో సగానికి పైనే ఉంటుంది కాబట్టి ఇక్కడ చేర్చాలన్న మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. అంగన్‌వాడీ గదిలో హోదాలు రెండే, టీచరు, ఆయా. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం ఇన్నేళ్ళలో ఆ గదికి మూడో హోదా కనిపెట్టలేకపోయింది. పాపం, వాళ్ళ మెడలకూ సర్వేలు, రిజిస్టర్లు, ఫోన్ యాప్‌లు చుట్టుకున్నాయి, దానికి వేరే లేఖ రాయాలి. మా ఆయమ్మ పగలంతా మా పిల్లలకు గుడ్లు ఒలిచిపెట్టి, సాయంత్రం ఇంటికి వెళ్ళి మనవరాలిని అడుగుతుందట, "ఈ రోజు గుడ్డు పెట్టారా?" అని.

ఎనిమిదీ పది అయింది. బస్సు హారన్ వినిపిస్తోంది. కొత్తగా చేరిన బాబు మెట్టు దిగకముందే ఏడుపు అందుకున్నాడు, ఆయమ్మ అప్పుడే సగం దారిలో ఉంది. మిమ్మల్ని వెనక్కి తిప్పుకుంటున్నాను, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
ఎల్‌కేజీ టీచర్

తా.క.: మీ ఖరీదు 120 రూపాయలు ఈ నెల జీతంలో కోశారు. బాబుకు ఇంకా పై పళ్ళు రావాలి, ఈసారి అంచు మెత్తగా ఉన్న కార్డు ఇప్పించమని అడుగుదామనుకున్నాను. ఇంకో హోదా కలుపుతారని భయపడి అడగలేదు.