డబ్బా మీద బొమ్మ, పట్టా మీద పేరు

షికాగోలో 1893లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో నాన్సీ గ్రీన్ అనే నల్లజాతి మహిళ జనం ముందు నిలబడి పాన్‌కేకులు వేసి వడ్డించారు. కెంటకీలో బానిసగా పుట్టిన ఆమెను ఒక పిండిమిల్లు కంపెనీ ‘ఆంట్ జెమైమా’ పాత్రకు కుదుర్చుకుంది. తలకు గుడ్డ చుట్టుకుని, దొరల ఇంట వండిపెట్టడమే మహాభాగ్యమన్నట్టు నవ్వే పనిమనిషి పాత్ర అది. డబ్బా మీద ఆ పాత్ర బొమ్మతో పాన్‌కేకుల పిండి నూరేళ్లకు పైగా అమ్ముడైంది. నాన్సీ గ్రీన్ 1923లో కన్నుమూశారు. ఆమె సమాధిపై పేరు చెక్కిన రాయి వెలిసింది మాత్రం 2020లో. ఆ బొమ్మను తీసేస్తామని కంపెనీ ప్రకటించిందీ ఆ ఏడాదే.

ఆ కాలంలోనే ఇంకో నల్లజాతి మహిళ ముఖం కూడా డబ్బాలకెక్కింది. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన దంపతులకు 1867లో లూసియానాలో పుట్టిన సారా బ్రీడ్‌లవ్ ఇరవై ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, బట్టలుతికి కూతుర్ని పెంచారు. జుట్టుకు రాసే మందు తయారుచేసి, మేడమ్ సి.జె. వాకర్ పేరుతో అమ్మకానికి పెట్టి, డబ్బా మీద తన ముఖాన్నే అచ్చువేయించారు. ఇండియానాపోలిస్‌లో ఫ్యాక్టరీ కట్టారు. వేలమంది నల్లజాతి మహిళలకు పని నేర్పి ఏజెంట్లను చేశారు. 1912లో నల్లజాతి వ్యాపారుల మహాసభలో నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఆమే లేచి నిలబడ్డారు. పత్తిచేల నుంచి ఉతుకుతొట్టికి, అక్కడి నుంచి వంటింటికి, వంటింటి నుంచి వ్యాపారానికి వచ్చానని, సొంత నేల మీద సొంత ఫ్యాక్టరీ కట్టుకున్నానని సభకు చెప్పారు.

రెండు డబ్బాల మీదా ఉన్నవి నల్లజాతి స్త్రీల ముఖాలే. ఒక డబ్బా మీద రాబడి అంతా మరొకరి గల్లాపెట్టెకు చేరింది. రెండో డబ్బాకు యజమాని ఆ ముఖం గలావిడే. వ్యాపారాల్లో అన్ని జాతులవారికీ చోటివ్వాలనే ‘వైవిధ్యం’ గురించి అమెరికాలో ఇప్పుడు నడుస్తున్న వాదమంతా ఈ తేడా దగ్గరే దారి తప్పుతోందని మేము భావిస్తున్నాం. ప్రకటనలో ముఖం మారగానే బతుకులు మారిపోయాయని ఒక పక్షం లెక్కవేసుకుంటుంటే, ఆ ముఖం కూడా ఎక్కువేనని రెండో పక్షం గొంతు పెంచుతోంది. యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న ఇద్దరికీ పట్టడం లేదు.

బొమ్మ చిన్న విషయమని మేము అనడం లేదు. ఫొటో ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన నమూనా కార్డు మీద దశాబ్దాలపాటు ఉన్నది తెల్లజాతి యువతే. దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం బాగా వస్తే ఫొటో బాగా వచ్చినట్టు. దాంతో ఒకే తరగతి ఫొటోలో తెల్లపిల్లలు చక్కగా కనబడితే, నల్లపిల్లల ముఖాల్లో కళ్లూ పళ్లూ తప్ప ఏమీ తేలేవి కావు. తల్లులు మొరపెట్టుకున్నారు. ఫిల్మ్ బాగుపడింది మాత్రం ముదురు రంగులు సరిగా రావడం లేదని చాక్లెట్ కంపెనీలు, చెక్కసామాను తయారీదారులు ఫిర్యాదు చేశాకే. చెక్కకు దక్కిన ఆ పట్టింపు పసిపిల్లల ముఖాలకు దక్కకపోవడం తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే 2017లో గాయని రిహానా ఫెంటీ బ్యూటీ అనే సౌందర్య సాధనాల బ్రాండును 40 చర్మఛాయల ఫౌండేషన్లతో (ముఖానికి పూసే రంగులతో) తెచ్చినప్పుడు అది పెద్ద వార్తయింది. ముదురు ఛాయలకు గిరాకీ లేదన్న పాతమాట వీగిపోయింది. ఆ మాటలో ఉన్న మాయ ఏమిటో వ్యాపారం తెలిసినవారికి తెలుసు. ముదురు ఛాయలు కొద్దిగా తెప్పించి కింది అరలో పెడతారు. అవి అయిపోతే మళ్లీ తెప్పించరు. ఏడాది తర్వాత లెక్క తీసి, అమ్మకాలు లేవంటారు. ఈ వలయాన్ని బద్దలు కొట్టింది ఎక్కువగా ఆ చర్మంలో పుట్టినవాళ్లే. టెక్సస్‌లో పెరిగిన దీపికా ముత్యాల కళ్లకింద నలుపు దాచడానికి ఎర్ర లిప్‌స్టిక్ పనికొస్తుందని 2015లో ఒక చిన్న వీడియోలో చూపారు. ఆ చిట్కాను లక్షలమంది చూశారు. తర్వాత ఆమె లైవ్ టింటెడ్ అనే సొంత కంపెనీ పెట్టారు. ఇంటిపేరులోనే తెలుగు పలుకుతున్న ఈ ఒక్క ఉదాహరణ చాలు, అవసరం తెలిసిన మనిషి యజమాని కుర్చీలో కూర్చుంటే సరుకే మారుతుందని చెప్పడానికి.

బొమ్మను మనిషి నుంచి విడదీస్తే ఏమవుతుందో 2023లో జీన్స్ కంపెనీ లీవైస్ చూపింది. వైవిధ్యం పెంచడానికి కృత్రిమ మేధ సృష్టించిన మోడళ్లను పరీక్షిస్తామని ప్రకటించి విమర్శల పాలైంది. తెరమీద నల్లని చర్మం ఉంటుంది. ఆ చర్మంలో మనిషి ఉండదు, ఆమెకు ఇవ్వాల్సిన కూలీ ఉండదు.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో స్త్రీ వ్యాపారానికి అప్పు తీసుకోవాలంటే ఇంటి మగవాడి సంతకం అడిగేవారు. 1988లో చట్టం చేస్తేగానీ అది పోలేదు. సంతకం పోయింది, సంకోచం మిగిలింది. 2023లో అమెరికా స్టార్టప్‌లకు (కొత్త కంపెనీలకు) అందిన వెంచర్ పెట్టుబడిలో, అంటే ఎదుగుతాయని నమ్మి వాటాకు పెట్టే డబ్బులో, నల్లజాతి వ్యవస్థాపకులకు చేరింది అర శాతం లోపే. ఈ లోటు కొంతైనా పూడ్చాలని అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళల వ్యాపారాలకు 20,000 డాలర్ల గ్రాంటు ఇచ్చే పోటీ పెడితే, జాతి చూసి గ్రాంటు ఇవ్వడం వివక్షేనంటూ 2023లో దానిపై దావా పడింది. ఆధారం 1866 నాటి పౌరహక్కుల చట్టం. బానిసత్వం నుంచి బయటపడినవారికి ఒప్పందాలు చేసుకునే హక్కు కల్పించిన చట్టమది! 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ పోటీని నిలిపివేయాలంది, సెప్టెంబరులో రాజీ కుదిరి పోటీ మూతపడింది. తీర్పును గౌరవిస్తూనే చెబుతున్నాం, ఆ చట్టాన్ని ఇలా వాడటం దాని పుట్టుకకే అన్యాయం.

నల్లజాతి యాజమాన్యంలోని వ్యాపారాలపై 2025 చివరికల్లా 200 కోట్ల డాలర్లు ఖర్చుచేస్తామని 2021లో మాటిచ్చిన టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ, 2025 జనవరిలో తన వైవిధ్య లక్ష్యాలకు స్వస్తి చెప్పింది. ముదురు చర్మాల కోసం 2021లో పుట్టి సౌందర్య సాధనాలమ్మే సెఫోరా దుకాణాల అరలకు చేరిన అమీ కోలే బ్రాండును దాని స్థాపకురాలు 2025లో మూసేశారు. పెద్ద దుకాణంలో చోటు దొరకడం సగం గెలుపే. వందల శాఖలకు సరుకు ముందుగా తయారుచేయాలి, ప్రచారం చేసుకోవాలి, బిల్లు డబ్బులకు నెలల తరబడి ఎదురుచూడాలి. చేతిలో నిల్వ డబ్బు లేనివారికి పెద్ద ఆర్డరే పెద్ద గండం.

కాబట్టి కంపెనీలను అడగాల్సింది వచ్చే ప్రకటనలో ఎవరు నటిస్తారని కాదు. శ్వేతేతర మహిళల సంస్థల నుంచి ఏటా ఎంత సరుకు కొన్నారో, ఎన్ని రోజుల్లో డబ్బు చెల్లించారో, మొదటి ఏడాది తర్వాత ఎన్ని బ్రాండ్లను అరలో ఉంచారో అంకెల్లో ప్రకటించాలి. చిన్న సరఫరాదారుకు 30 రోజుల్లో డబ్బు అందేలా ఒప్పందం మార్చడానికి ఏ కోర్టూ అడ్డురాదు. దానికి ఫొటోగ్రాఫర్ అక్కర్లేదు, అకౌంట్స్ విభాగానికి ఒక ఆదేశం చాలు.