పొదుపు నా ఒక్కదాని పనేనా?

నెలంతా లెక్కలు రాసేది నేను. సంచి పట్టుకుని వీధి చివరి కొట్టుకి నడిచేదీ నేనే. మిగతావాళ్లు? ఫోన్ తీస్తారు, నొక్కుతారు, అంతే! డెలివరీ ఫ్రీ రావాలని అక్కర్లేని రెండు వస్తువులు కలుపుతారు. అది ఫ్రీ ఎలా అవుతుందండీ? పైగా "ఆఫర్‌లో వచ్చింది" అని నాకే పాఠం!

ఇక ప్యాకెట్ల సంగతి. ధర అదే, సైజూ అదే, లోపల మాత్రం 100 గ్రాములు కాస్తా 90 అయ్యాయి. అంటే కిలో లెక్కన 11 శాతం పెరిగినట్టే కదా! ఆ చీమతలకాయంత అక్షరాలు చదివేదెవరు? కళ్లజోడు పెట్టుకుని మళ్లీ నేనే.

కొట్టులో అయితే కావలసినంతే తూచి ఇస్తారు. చెబితే, "అంత దూరం ఎవరు నడుస్తారు?" అంటారు. సాయంత్రం వాకింగ్‌కి మాత్రం ఠంచనుగా బయల్దేరతారు!