సీఆర్‌పీ నార్మల్ వస్తే స్టెంట్ గోలీలు ఆపేయొచ్చా?

హన్మకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. స్టెంట్ (గుండె రక్తనాళం తెరిచి ఉంచేందుకు లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం) పడ్డవాళ్లు సీఆర్‌పీ రక్తపరీక్ష చేయించుకోవాలట. ఎక్కువ వస్తే మళ్లీ బ్లాక్ మొదలైనట్టేనట. నార్మల్ వస్తే స్టెంట్ మూసుకుపోదు, రక్తం పల్చబడే గోలీలు ఆపేయొచ్చట. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా చేయిస్తే ఇక భయమే లేదట.

"ఎక్కువ వస్తే బ్లాకే" అన్నది తప్పు. సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రోటీన్. ఒంట్లో ఎక్కడ వాపున్నా పెరుగుతుంది, ఎక్కడుందో మాత్రం చెప్పదు. పళ్ల చిగుళ్లు వాచినా, కీళ్లవాతం ఉన్నా, జ్వరం వచ్చినా పెరుగుతుంది. గుండె ముప్పు అంచనాకు హై సెన్సిటివిటీ సీఆర్‌పీ (కొద్దిపాటి సీఆర్‌పీని కూడా పట్టే పరీక్ష) చేస్తారు: లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతికి, అది తగ్గాక మళ్లీ చేయిస్తారు. రిపోర్టులో నంబరు పక్కన 'హెచ్' (హై, అంటే ఎక్కువ) అక్షరం కనబడగానే టెన్షన్ పడి, గుండె రక్తనాళాల్లో బ్లాకులు చూసే యాంజియోగ్రామ్‌కు పరుగెత్తక్కర్లేదు.

సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్లకు మళ్లీ గుండెపోటు ముప్పు కొంత ఎక్కువన్నది మాత్రం నిజమే. అయితే అది వేల మందిని కలిపి చూసిన లెక్క. మీ స్టెంట్ సంగతి అందులో తేలదు.

అసలు ప్రమాదం గోలీలు ఆపమనడంలో ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ చేసే పని ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) స్టెంట్ మీద గుమిగూడి గడ్డకట్టకుండా చూడటం. సీఆర్‌పీ ఆ పనిని కొలవనే కొలవదు. పైగా కొలెస్ట్రాల్‌కు వేసుకునే స్టాటిన్ సీఆర్‌పీని తగ్గిస్తుంది, అంటే ఆ 'నార్మల్' గోలీ పుణ్యమే కావచ్చు! గుండెపోటు వచ్చి స్టెంట్ పడితే మామూలుగా 12 నెలలు రెండు గోలీలూ వాడాలి, తర్వాత చాలామందికి ఒకటి కొనసాగుతుంది. రక్తస్రావం ముప్పున్నవాళ్లకు డాక్టరే గడువు తగ్గిస్తారు. మధ్యలో సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లో హఠాత్తుగా గడ్డ కట్టొచ్చు.

ట్రోపోనిన్ గుండె కండరానికి ఇప్పటికే జరిగిన దెబ్బను చూపిస్తుంది. స్టెంట్ వేసినప్పుడు కూడా కొందరికి పెరుగుతుంది. ఇవాళ నార్మల్ ఉంటే రేపటికి హామీ ఏమీ లేదు. ఛాతీలో నొప్పి వస్తే ల్యాబ్‌కు కాదు, 108కు ఫోన్ చేయాలి.

పరీక్షలే కావాలంటే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చేయించుకోండి. సర్కారు దవాఖానాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఇవి ఉచితం. మీలాంటివాళ్లకు ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 55 మిల్లీగ్రాముల లోపుండాలని యూరప్ గుండె వైద్యుల సంఘం 2019 నుంచీ చెబుతోంది. పన్ను పీకించుకోవాలని గోలీలు ఆపేవాళ్లూ మనలో తక్కువేం లేరు. అందుకైనా సరే, ముందు స్టెంట్ వేసిన డాక్టర్‌ను అడగండి.