ఉల్లిగడ్డ మీద చెయ్యి తియ్యండి

కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లిని మన ఇళ్లలో కూరకు వాడరు. గడ్డ చిన్నది, ఘాటు ఎక్కువ. కేపీ ఉల్లి అని పిలుచుకునే ఈ పంట చెన్నై రేవు దాటి మలేసియాకో, సింగపూర్‌కో, శ్రీలంకకో పోవాల్సిందే. పోకపోతే కళ్లంలోనే కుళ్లాల్సిందే. 2020 సెప్టెంబరులో ఉల్లి ధర పెరుగుతోందని కేంద్రం రాత్రికి రాత్రి ఎగుమతులు ఆపేసినప్పుడు ఈ గడ్డకూ అదే తాళం పడింది. ఢిల్లీ ఇల్లాలు కొనదు, కడప ఇల్లాలూ కొనదు. అలాంటి గడ్డను దేశం దాటనివ్వకపోతే ఎవరి కూర చవకవుతుందో ఆ ఉత్తర్వు రాసినవాళ్లే చెప్పాలి. అక్టోబరులో నాలుక కరుచుకుని పది వేల టన్నులకు సడలింపు ఇచ్చారు. అదీ చెన్నై రేవు నుంచే పోవాలి, ఉద్యానశాఖ ధ్రువపత్రం ఉండాలి, మార్చి నెలాఖరులోగా ముగించాలి.

ప్రభుత్వాన్ని తన హద్దులో తాను ఉండమని మేం అడగడానికి ఈ ఒక్క ఉదంతం చాలు. అధికారులు రైతు మీద పగబట్టారని మా అభియోగం కాదు. ఢిల్లీలో కూర్చున్న కార్యదర్శి ఎంత చదువుకున్నవాడైనా, ఏ మూల ఏ గడ్డ పండుతుందో, దాన్ని ఎవరు తింటారో, ఏ రేటుకు ఎవరికి గిట్టుతుందో అతనికి తెలిసే వీలు లేదు. అందులో కొంత పండించేవాడికి తెలుసు, కొంత మండీలో వేలంపాట పాడేవాడికి తెలుసు, కొంత ఓడకెక్కించేవాడికి తెలుసు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరేది ధర ద్వారానే. ధరను ఉత్తర్వుతో నొక్కితే ముగ్గురూ గుడ్డివాళ్లవుతారు, ఉత్తర్వు ఇచ్చినవాడితో కలిపి నలుగురు.

కర్నూలు ఉల్లి సంగతికి వద్దాం. 2019 సెప్టెంబరుకూ 2024 మే నెలకూ మధ్య, ఐదేళ్లు కూడా తిరక్కుండా, కేంద్రం మూడుసార్లు ఉల్లి ఎగుమతిని పూర్తిగా నిషేధించింది. మూడో నిషేధానికి ముందే, 2023 ఆగస్టులో, 40 శాతం సుంకం వేసింది. నిషేధం ఎత్తేశాక టన్నుకు 550 డాలర్ల కనీస ధర పెట్టింది, పైన మళ్లీ అదే 40 శాతం. 2024 సెప్టెంబరులో కనీస ధర తీసేసి సుంకాన్ని సగానికి దించింది. ఆ మిగిలిన సగం పోయింది 2025 ఏప్రిల్ 1న. ఇన్ని మలుపుల్లో ఏ ఒక్కటీ రైతు నారు పోసే ముందు చెప్పి చేసింది కాదు. 2019 అక్టోబరులో ఢిల్లీ వచ్చిన అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, ఉల్లి వేయకుండా వండమని మా వంటమనిషికి చెప్పుకున్నానని, ముందుగా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదని నవ్వుతూనే చురక అంటించారు. నవ్వి ఊరుకోలేదు కూడా. ఆ దేశం సొంత సాగు పెంచుకునే పనిలో పడింది, వేరే దేశాల సరుకు వైపు చూసింది. నోటిమాట నిలబెట్టుకోని కొట్టుకు ఎవరైనా ఎన్నాళ్లు వస్తారు?

2025 వానాకాలం గడ్డ కర్నూలు యార్డుకు దిగేసరికి ఎగుమతికి అడ్డేమీ లేదు. అయినా ధర కుప్పకూలింది. వానలకు తడిసిన సరుకు నిలవ ఉండదు. మహారాష్ట్ర గడ్డ అప్పటికే మార్కెట్లలో ఉంది. పాత బేరగాడు బంగ్లాదేశ్ వేరే దారి చూసుకున్నాడు. రాష్ట్ర ప్రభుత్వం క్వింటా 1,200 రూపాయలకు తానే కొంటానని ముందుకొచ్చింది. ఉల్లి వ్యాపారం సర్కారు చేయగలిగింది కాదని తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆ సెప్టెంబరులోనే హెక్టారుకు 50 వేల రూపాయలు నేరుగా ఇస్తామని ప్రకటించింది. ఈ రెండో పద్ధతే మెరుగని మా అభిప్రాయం. ఆపదలో ఉన్న రైతు చేతిలో డబ్బు పెట్టడం వేరు, మార్కెట్లో దిగి బేరమాడటం వేరు. కాని మొత్తం లెక్క చూడండి. ధర బాగున్న ఏళ్లలో ఎగుమతి ఆపి కేంద్రం రైతు నోటికాడి కూడు లాక్కుంటుంది. ధర పడిన ఏడాది పరిహారం పేరుతో రాష్ట్రం కొంత తిరిగి పెడుతుంది. లాక్కున్నందుకు ఎవరూ సంజాయిషీ చెప్పుకోరు. పెట్టినందుకు మాత్రం ఫ్లెక్సీలు కడతారు.

స్వేచ్ఛా వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు అమ్మకానికి ఒక నీతి, కొనుగోలుకు ఒక నీతి పనికిరాదు. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకాన్ని ఎత్తేసి, ఆ వెసులుబాటును డిసెంబరు 31 దాకా పొడిగించింది. మిల్లువాడు చౌకగా దూది కొనుక్కోవడం మాకు తప్పుగా కనిపించదు. సుంకమే లేని రోజు రావాలని కూడా మేం కోరతాం. కాని ఆదోని చుట్టుపక్కల రైతు విత్తనం వేసింది వానాకాలం మొదట్లో, సుంకం ఉంటుందన్న లెక్కతో. కాయ పగిలే వేళకు లెక్క మారింది. ప్రపంచంలో ధర ఎక్కువున్నప్పుడు ఉల్లికి గేటు మూస్తారు, ధర తక్కువున్నప్పుడు పత్తికి గేటు తెరుస్తారు. దీన్ని సరళీకరణ అని పిలిచే పెద్దలు మన మధ్య ఉన్నారు. రెండు గేట్లూ ఏడాది పొడవునా తెరిచి ఉంటే ఒక ఏడు నష్టపోయినవాడు మరో ఏడు కోలుకుంటాడు. నష్టం ఉంచి లాభం తీసేస్తే అది వ్యాపారం కాదు, వెట్టి.

ఫ్యాక్టరీకి దక్కిన విముక్తి పొలానికి దక్కలేదు. 1991 జులై 24న పి.వి.నరసింహారావు ప్రభుత్వం 18 పరిశ్రమలు మినహా తక్కినవాటికి లైసెన్సు అక్కర్లేదంది. ఆ నవంబరులో నంద్యాల ఓటర్లు ఆయన్ను ఐదు లక్షల పైచిలుకు ఆధిక్యంతో లోక్‌సభకు పంపారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న అభిమానమే ఆ ఓట్లకు కారణం, తెలుగుదేశం పోటీకి దిగకపోవడమూ కలిసొచ్చింది. ఆర్థిక విధానం చూసి వేశారని మేం బడాయికి పోము. ఏమైతేనేం, ఆ ప్రధాని పరిశ్రమకు కట్లు విప్పాడు. ఆయన్ను గెలిపించిన రైతు మీద 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం, 1966 నాటి మార్కెట్ల చట్టం అలాగే మిగిలాయి. 1959లో ఆచార్య రంగా, రాజాజీ, మినూ మసానీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు వాళ్ల తొలి పోరాటం సేద్యాన్ని సమష్టి సహకార సంఘాల కిందికి తేవాలన్న కాంగ్రెస్ నాగపూర్ తీర్మానం మీదనే. ఆ పార్టీ పోయింది, ఆ ప్రశ్న పోలేదు. 2020లో కేంద్రం మూడు సాగు చట్టాలు తెచ్చి, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది. వాటిలో కొన్ని అంశాలు మాకు నచ్చాయి. తెచ్చిన తీరు నచ్చలేదు. స్వేచ్ఛను కూడా ఆర్డినెన్సుగా జారీ చేస్తే జనం అనుమానించక ఏం చేస్తారు! పైగా రైతుకు స్వేచ్ఛ ఇస్తున్నామని చెప్పిన ఆ ఏడాదే సెప్టెంబరులో ఉల్లి ఎగుమతిని నిషేధించారు.

మన సీమలో నిలబడిన వ్యాపారాలను ఒకసారి తలచుకోండి. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లు, రాయదుర్గం జీన్సు కుట్టుపని, ధర్మవరం పట్టు, బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు. వీటికి ఏ ముఖ్యమంత్రీ పునాదిరాయి వేయలేదు. పునాదిరాళ్లకే కొదవలేని చోటు జమ్మలమడుగు ప్రాంతం. కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. మారిన ముఖ్యమంత్రులు ముగ్గురు, పార్టీలు మూడు. ఉక్కు మాత్రం రాలేదు. మూడు పార్టీలూ కలిసి ఓడిపోయిన పని ఇది కాబట్టి ఎవరినీ విడిగా నిందించబోము. ఉక్కు గిట్టుబాటు అవుతుందో లేదో తేల్చాల్సింది సొంత డబ్బు పెట్టేవాడు. ఎన్నికల తేదీ దాన్ని తేల్చలేదు.

సర్కారే అంగడి పెడితే ఎలా ఉంటుందో 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు మద్యం దుకాణాల్లో చూశాం. అడిగిన బ్రాండు దొరకదు, ఉన్నదానికి రేటు మోత, పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర తుంగభద్ర అవతలి నుంచి వచ్చే సీసాల వేట. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను లాటరీలో ప్రైవేటుకు ఇచ్చారు. ఇందులో ఇంతకు మించి చెప్పుకోవాల్సిందేమీ లేదు.

ఇక మాకు ఎదురయ్యే అసలు ప్రశ్న. కర్నూలులో కూర్చుని మార్కెట్టుకు వదిలేయండి అనడానికి నోరెలా వచ్చింది, ధాత కరువు మరిచారా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. 1876-78 కరువులో వైస్రాయ్ లిట్టన్ గింజల వ్యాపారంలో వేలు పెట్టకూడదన్నాడు. మద్రాసు ప్రభుత్వం ముందుచూపుతో కొంత ధాన్యం కొంటే పై ప్రభుత్వం తప్పుపట్టింది. వైస్రాయ్ పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో మనిషి కూలిని రోజుకు ఒక పౌను గింజలు, పైన చిల్లర అన్న స్థాయికి దించాడు. 1871, 1881 లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఈ అంకెను దాటేసి స్వేచ్ఛా విపణి గురించి ఇక్కడ ఎవరూ రాయకూడదు, మేమూ రాయం.

అంగట్లో గింజ ఉన్నా కొనే డబ్బు లేనివాడిని మార్కెట్ పట్టించుకోదు. ఇది నిజం. అలాంటివాడిని బతికించడం ప్రభుత్వం పని, దాని మొదటి పనుల్లో ఒకటి. మేం అడిగే చిన్న ప్రభుత్వంలో ఈ పని ఉంటుంది. అయితే లిట్టన్ దొరది చిన్న ప్రభుత్వం అని ఎవరన్నారు? వ్యాపారంలో జోక్యం వద్దన్న ఆ దొరతనం శిస్తు వసూలులో జోక్యం మానలేదు. 1877 జనవరిలో ఢిల్లీ దర్బారు ఆర్భాటం ఆపలేదు. తర్వాత కరువు నిధి కోసమని వేసిన పన్నును అఫ్గాన్ యుద్ధానికి మళ్లించింది. తీసుకునేటప్పుడు మహాకాయం, ఇచ్చేటప్పుడు వేదాంతం. దీనికి డెబ్బై ఏళ్ల ముందే, 1807లో, దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో శిస్తును నాలుగో వంతు తగ్గించాలనీ, ఏ చేను ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో రైతుకే వదిలేయాలనీ రాశాడు. పైవాళ్లు వినలేదు, ఊళ్లను గుత్తకిచ్చారు. ఆ గుత్తలు చెడ్డాక 1820ల్లో మళ్లీ రైత్వారీ దారికి, అంటే నేరుగా రైతుతోనే శిస్తు తేల్చుకునే పద్ధతికి, వచ్చారు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన ఆ దొర పేరును ఈ ప్రాంతంలో పిల్లలకు పెట్టుకున్నారంటే, పరాయివాడైనా తమ మీద బరువు కొంత దించినవాడని గుర్తుండటం వల్లే.

రెండో ప్రశ్న కాలువల గురించి. నీళ్లు కూడా ప్రైవేటుకే ఇస్తారా అని. మన కర్నూలు-కడప కాలువే, అదే కేసీ కాలువే, దీనికి జవాబు చెబుతుంది. 1860ల్లో దాన్ని తవ్వింది సర్కారు కాదు, లండన్ వాటాదార్లతో నడిచిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. ఖర్చు అంచనాలు దాటింది, రాబడి రాలేదు, చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. ప్రైవేటు విఫలమైందనడానికి ఈ కథ చెబుతుంటారు. కథలో ఒక ముక్క వదిలేస్తారు: పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద ఏడాదికి ఐదు శాతం వడ్డీ వచ్చి తీరుతుందని దొరతనం ముందే హామీ ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా వాటాదారుకు వడ్డీ ముడుతుంది. లెక్క చూసుకుని తవ్వాల్సిన అవసరం ఎవరికుంది? లాభం కంపెనీది, నష్టం ప్రజలదిగా ఒప్పందం రాసుకుంటే పేరు ఏదైనా అది స్వేచ్ఛా వ్యాపారం కాదు. పెద్ద కాలువలు, రోడ్లు, కోర్టులు, తూకాల తనిఖీ, భూమి రికార్డులు ప్రభుత్వమే చూడాలని మేమూ అంటాం. ఆ పనులు సరిగా జరగక, రిజిస్ట్రేషన్ ఆపేసిన భూముల 22-ఏ జాబితాలో, పాత రికార్డులో యజమాని పేరు బదులు చుక్కలు పెట్టిన చుక్కల భూముల జాబితాలో ఇరుక్కుపోయి సొంత సెంటు అమ్ముకోలేని రైతులు సీమ జిల్లాల్లో ఊరికి కొందరున్నారు. ఉల్లి ధర చూసే అధికారిని ఆ ఫైళ్ల దగ్గర కూర్చోబెడితే చాలా మేలు.

కేసీ కాలువ ఒప్పందం పాత సంగతి అనుకోవద్దు. ఓర్వకల్లులో 2,621 ఎకరాలు, కొప్పర్తిలో 2,596 ఎకరాల పారిశ్రామిక వాడలకు 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. రోడ్డు, నీరు, కరెంటు వేసి అందరికీ ఒకే రేటుకు ప్లాటు ఇస్తే మాకు పేచీ లేదు. ఒక్కో కంపెనీకి ఒక్కో రేటు, ఒక్కో పన్ను మినహాయింపు, ఒక్కో ప్రత్యేక జీవో అంటే మాత్రం ఐదు శాతం హామీ వేరే వేషంలో తిరిగొచ్చినట్టే. పక్క వీధిలో పదిమందికి పని ఇస్తున్న పాలిష్ ఫ్యాక్టరీవాడు పూర్తి కరెంటు బిల్లు కట్టి, పెద్ద కంపెనీ బిల్లులో కూడా వాటా మోయాలా? ఏ కంపెనీకి ఎకరా ఎంతకిచ్చారు, ఎన్నేళ్లు ఏ పన్ను వదిలేశారు, ఎన్ని ఉద్యోగాలు రాకపోతే ఆ రాయితీ వెనక్కి తీసుకుంటారు అన్న వివరాలు ప్లాటువారీగా కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. కర్నూలు, కడప ఎమ్మెల్యేలు వచ్చే శాసనసభ సమావేశాల్లో ఈ పట్టిక అడగాలి. ఎవరు అడిగారో, ఎవరు ఊరుకున్నారో పేర్లతో సహా ఈ పేజీలోనే అచ్చువేస్తాం.