సవరణ: బిరుదులో ఉన్న ఊరు పుట్టిన ఊరే కానక్కర్లేదు

కోనసీమ నేపథ్యంలో ఫాంటసీ కథలు రాసేవాళ్ల కోసం పెట్టిన పోస్టులో, పాత్ర బిరుదులో ఉన్న ఊరు ఆ పాత్ర పుట్టిన ఊరే అయ్యుండాలని రాశాను. అది తప్పు. శాసనాల్లోనూ ఆలయాల పేర్లలోనూ కనిపించే వాడుక వేరు.

రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరం నుంచి ఏలినా వేంగి చాళుక్యుడే. ఆ వేంగి ఏలూరు దగ్గరి పెదవేగి. రాజధాని మారినా వంశం పాత చోటి పేరునే మోసింది. మొదటి రాజేంద్ర చోళుడు గంగాతీరంలో పుట్టలేదు, అక్కడ స్థిరపడనూ లేదు. సేనలు అక్కడిదాకా గెలిచి వచ్చాయి కాబట్టి గంగైకొండ చోళుడయ్యాడు. ఇక ద్రాక్షారామంలోనూ భీమేశ్వరుడే, సామర్లకోటలోనూ భీమేశ్వరుడే. ఏ భీమేశ్వరుడో తేల్చేది ఊరి పేరే.

కాబట్టి బిరుదు పెట్టేముందు ఆ ఊరు చెప్పేది పుట్టుకా, ఏలుబడా, గెలుపా, గుర్తింపా అన్నది తేల్చుకోండి. గెలుపైతే ఓడినవాళ్లు ఆ బిరుదుతో పిలవరు. సంభాషణల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. లంక గ్రామం (గోదావరి మధ్య దీవి మీది ఊరు) పేరు పెడితే ఇంకో అవకాశం ఉంది: గోదావరి కోతకు ఆ లంక పోయినా బిరుదు మిగులుతుంది, పాత్రకు అది పెద్ద బలం. ఒకే బిరుదులో రెండు ఊళ్లు మాత్రం వద్దు, నోరు తిరగదు.