అయితే అసలు డాక్టరువి కాదన్నమాట

ఇందాక పెళ్లి భోజనాల్లో, పెరుగన్నం కలుపుకుంటూ మా పెదనాన్న అన్న మాట ఇది. "అల్మాటీ దాకా వెళ్లి, చివరికి పబ్లిక్ హెల్త్ ఏంటమ్మా? అయితే అసలు డాక్టరువి కాదన్నమాట." పంక్తంతా నవ్వింది. ఇంటికొచ్చి రెండు గంటలైనా ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ ఊరేంటో తెలుసా మీకు? ఇప్పటి కజకిస్తాన్‌లో ఉంది. సోవియట్ యూనియన్‌లో ఉండి ఆల్మా అటా అనే రోజుల్లో, 1978 సెప్టెంబరులో 134 దేశాల వాళ్లు కూర్చుని ప్రాథమిక ఆరోగ్య సంరక్షణే పునాది అని ప్రకటించింది అక్కడే. మన ఊరి పీహెచ్‌సీ ముందు నించున్నప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

సోవియట్ కాలంలో శానిటరీ డాక్టర్లకి విడిగా చదువుండేది. నీళ్లు, క్యాంటీన్లు, ఫ్యాక్టరీల్లో గాలి, అన్నీ వాళ్లే చూసేవాళ్లు. తనిఖీ నేర్పారు, జరిమానా వేయడం నేర్పారు. జనంతో మాట్లాడటం మాత్రం సరిగ్గా నేర్పలేదు, ఆ లోటు నేనూ ఒప్పుకుంటాను. దాని దెబ్బ సోవియట్ కూలాక తగిలింది. డిఫ్తీరియా, అదే కంఠసర్పి! టీకా ఉన్న జబ్బు! జలుబుందనీ ఎలర్జీ అనీ డాక్టర్లే పిల్లలకి టీకా వాయిదా వేశారు, తల్లులు భయపడ్డారు, పెద్దవాళ్లలో రక్షణ తగ్గిపోయింది. 90లలో ఆ దేశాలన్నిట్లో కలిపి లక్షన్నరకి పైగా కేసులు, దాదాపు 5000 మంది చనిపోయారు. సర్జన్లు లేక పోయారా వాళ్లంతా?

1997లో అల్మాటీలో ప్రజారోగ్యానికంటూ ఒక స్కూల్ పెట్టారు. ఎపిడెమియాలజీ, గణాంకాలు, ఆరోగ్య విధానం. జబ్బు ఏ వీధిలో మొదలైంది, ఎవరిదాకా వెళ్తుంది, ఎక్కడ ఆపాలి అని లెక్కగట్టే చదువు. దీన్ని పట్టుకుని నవ్వారు మీరు.

అసలు నా కోపం ఈ రోజుది కాదు. 2021 మేలో, కోవిడ్ రోజుల్లో, రాత్రి రెండింటికి ఫోన్ చేసింది ఎవరు పెదనాన్నా? మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరికి పరీక్ష చేయించాలి, ఎవరిని విడిగా ఉంచాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి పరిగెత్తాలి, ఫ్లాట్ ఫ్లాట్‌కీ తెల్లారేదాకా కూర్చుని రాసిచ్చాను. పొద్దున్నే మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే కాగితం పెట్టి కింద ఏం రాశారు? "మా అబ్బాయి పంపాడు, కార్డియాలజిస్టు."

నా పేరు లేదు. ఆ స్క్రీన్‌షాట్ నా ఫోన్‌లో ఇంకా ఉంది. ఈ పోస్టు మీరు చూస్తారని తెలిసే రాస్తున్నాను.