సర్వరుకు విభూతి

"బ్యాకప్ కూడా సర్వర్లోనే ఉంచితే, బీరువాకి తాళం వేసి చెవి దానికే వేలాడదీసినట్టు కదండీ" అన్నారు ఆడిటరు గారు. అలా మా ఆఫీసుకి టేపు డ్రైవు శాంక్షనయింది.

ఈ రోజుల్లో టేపేమిటని అకౌంట్స్ సెక్షన్ అంతా ఒకటే నవ్వు. వాళ్లకి టేపంటే పెన్సిలు దూర్చి తిప్పుకునే పాటల క్యాసెట్టే. నాకు పౌరుషమొచ్చి, అరచేతిలో పట్టే ఎల్‌టీఓ-8 క్యాట్రిడ్జి ఎత్తి చూపించాను. ఇందులో 960 మీటర్ల టేపుంటుంది, 12 టెరాబైట్లు పడతాయి, తీసి బీరువాలో పడేస్తే ఏ వైరస్సూ దీని జోలికి రాలేదు అని దంచేశాను. అదే నా కొంప ముంచింది. ఆ రోజంతా అటు పోయేవాళ్లూ ఇటు వచ్చేవాళ్లూ "పట్టాయా, 12 టెరాబైట్లు?" అని పలకరింపు.

బిగించడం పది నిమిషాల పని. ర్యాకు వెనక దూరి, చిన్న టార్చి పళ్ల మధ్య కరిచిపట్టి, శాస్ కేబులు ఒక కొస డ్రైవుకీ, ఇంకో కొస సర్వరు కార్డుకీ టక్కుమనేదాకా నొక్కాను. డ్రైవు మీద పచ్చదీపం వెలిగింది. సీట్లోకొచ్చి, సర్వరుకి తగిలించినవాటి జాబితా చూపించే కమాండు ఎల్ఎస్‌స్కజీ కొట్టాను. డిస్కులన్నీ ఉన్నాయి. టేపు లేదు.

నిద్రపోతోందేమో అనుకున్నాను. తట్టి లేపడానికి లినక్సులో ఓ మంత్రముంది. స్కాన్ అనే ఫైల్లో మూడు హైఫన్లు రాయాలి. పరికరం చిరునామాలో ఉండే మూడు అంకెలూ, అంటే ఏ ఛానెలైనా, ఏ టార్గెట్టైనా, ఏ లన్నైనా సరే, మొత్తం వెతకమని దానర్థం.

"సర్వరుకి విభూతి పెడుతున్నారా సార్?" అన్నాడు మా జూనియరు, నా భుజం మీంచి తొంగిచూసి.

నేను నవ్వలేదు. మొదటి హోస్టుకి, అంటే పరికరాలు తగిలించే మొదటి కంట్రోలరుకి పెట్టాను, రెండోదానికి పెట్టాను, ఉన్న హోస్టులన్నిటికీ పెట్టాను. శివుడు కరగలేదు. లినక్సు తనకేం కనబడిందో రాసుకునే చిట్టా డీమెసేజ్ చూస్తే అందులో టేపు ఊసే లేదు. టేపుల్ని నడిపే ఎస్‌టీ మాడ్యూలు మాత్రం ఎక్కి కూర్చుని, పెళ్లివారు రాని విడిదింట్లో వంటవాడిలా ఖాళీగా ఉంది. డిస్కుల్ని జట్టుకట్టించే రెయిడ్ కార్డులు చాలావరకు టేపుని దగ్గరికి రానివ్వవు నిజమే, కానీ అందుకనేగా పరికరాల్ని నేరుగా సర్వరుకి కలిపే వేరే హెచ్‌బీఏ కార్డు వేయించాం! కేబులు మార్చాను. డ్రైవు అమ్మిన వాళ్లకి ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేసి చూశారా సార్?" అన్నారు. చేశాను. లేచాక మళ్లీ విభూతి పెట్టాను.

నాలుగింటికి టీ తెచ్చిన అటెండరు గ్లాసు పెట్టి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"సార్, ఇందాక మీరు రీస్టార్ట్ చేసినప్పుడు పైడబ్బా దీపాలు పోయినయ్. తీగేమో కింది డబ్బాకున్నది గద?"

ర్యాకులో రెండు సర్వర్లు. ఒకే కంపెనీ, ఒకే కార్డులు, రామలక్ష్మణుల్లా ఒకే పోలిక. పైది బ్యాకప్పు, కిందిది బిల్లింగు. ఆ సంగతి చెప్పడానికే వెనక లేబుళ్లు అంటించాం. కానీ దసరా ఆయుధపూజలో మనవాడు భక్తి కొద్దీ వెనకవైపు కూడా పసుపు పూసి బొట్లు పెట్టాడు. ఎక్కడ? నున్నగా తెల్లగా కనబడింది లేబులే కాబట్టి, సరిగ్గా దాని మీదే.

బిల్లింగ్ సర్వర్లోకి వెళ్లి చూశాను. పొద్దున 10:42కే కొత్తల్లుణ్ని గుర్తుపట్టి, ఎస్‌టీ0 అని పేరు పెట్టి, కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి కూర్చోబెట్టింది. నేనేమో పగలంతా పక్కింటి తలుపు కొట్టి మా అల్లుడు వచ్చాడా అని అడుగుతున్నాను.

కేబులు పైకి మార్చి మూడు గీతలు గీస్తే టేపు తక్షణం ప్రత్యక్షం. ఈలోగా అటెండరు కుంకుమ భరిణె పట్టుకుని వచ్చేశాడు.

"కొత్త డబ్బాకు బొట్టు వెట్టాలె గద సార్?"

"పెట్టు నాయనా. లేబుల్ వదిలెయ్, క్యాట్రిడ్జి దూరే నోరు వదిలెయ్. ఇంకెక్కడైనా పెట్టు."